ఒంటిపూట బడుల్లో రివిజన్: ముందు పుస్తకాలు మూయించండి

నమస్తే మేడమ్. మీ ప్రశ్నను మిగతా టీచర్ల కోసం ఒకసారి క్లుప్తంగా చెప్తాను. ప్రాథమికోన్నత పాఠశాలలో ఏడో తరగతికి గణితం, సైన్స్ రెండూ మీరే చెప్తున్నారు. తరగతిలో 38 మంది. సిలబస్ అయిపోయింది. ఏడాది చివరి పరీక్ష ఎస్‌ఏ-2కి పద్దెనిమిది పనిదినాలున్నాయి. పాఠాలు మళ్లీ మొదటి నుంచి చెప్తుంటే పిల్లలు వినడం లేదు, పదిన్నర దాటితే కునుకుతున్నారు. ఆటలు పెడితే గోల తప్ప ఏమీ మిగలడం లేదు. ప్రొజెక్టర్ లేదు, ప్రింట్లు తీయడానికి డబ్బుల్లేవు. ఏం చేస్తే పిల్లలు ఇష్టంగా రివిజన్ చేస్తారు అని అడిగారు.

నేను ఉన్నత పాఠశాలలో గణితం చెప్పడం మొదలుపెట్టి 24 ఏళ్లయింది. మొదటి ఆరేడేళ్లు మార్చి నెలంతా మీరు చేస్తున్నదే నేనూ చేశాను. ముఖ్యమైన లెక్కలన్నీ బోర్డు మీద మళ్లీ చేసేవాణ్ణి. పిల్లలు తలలూపేవారు. అర్థమైందా అంటే అయింది సార్ అనేవారు. పరీక్షలో అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే సగం మంది ఖాళీగా వదిలేసేవారు. తర్వాత క్విజ్‌లు పెట్టాను. నాలుగు జట్లు, స్కోరు బోర్డు, చప్పట్లు, బాగా సందడిగా ఉండేది. ఒక ఏడాది క్విజ్ అయ్యాక కూర్చుని, ఎవరెవరు జవాబులు చెప్పారో లెక్కేసుకున్నాను. 42 మంది తరగతిలో ఏడుగురు. మిగతా 35 మంది గంటసేపు ఆ ఏడుగురినీ చూస్తూ కూర్చున్నారు. ఆ సాయంత్రం నాకు నిజంగా బాధేసింది.

అప్పటి నుంచి ఏ యాక్టివిటీ పెట్టాలన్నా ఒకటే చూసుకుంటాను: ఈ నిమిషంలో ఎంతమంది పిల్లలు పుస్తకం చూడకుండా, పక్కవాడిని చూడకుండా, తమ బుర్రలోంచి ఏదైనా బయటికి తీస్తున్నారు? ఆ సంఖ్య 38కి దగ్గరగా ఉంటే ఆ ఆట మంచిది. ఐదో ఆరో అయితే, ఎంత రంగులుగా ఉన్నా వదిలేయండి.

దీనికి పరిశోధన ఆధారం కూడా ఉంది. 2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక చిన్న పాఠాన్ని చదివి, మళ్లీ ఇంకోసారి చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, తర్వాత పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 81 శాతం, రాసినవాళ్లకు 75. అదే వారం తర్వాత పెడితే తారుమారైంది. రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతమే గుర్తుంది, ఒకసారి చదివి రాసినవాళ్లకు 56 శాతం. మనం బోర్డు మీద మళ్లీ చెప్పిన రోజు పిల్లలకు అన్నీ వచ్చినట్టు కనిపించడం, పది రోజులకు ఏమీ లేకపోవడం ఇందుకే.

ఇక పనిలోకి వద్దాం.

మొదటి రోజు ఏమీ చెప్పకండి. బోర్డు మీద ఒక పాఠం పేరు రాయండి, ఉదాహరణకు ‘మొక్కల్లో పోషణ’. పిల్లల పుస్తకాలన్నీ సంచుల్లో ఉండాలి. ఒక తెల్ల కాగితం, నీలం పెన్ను. ఎనిమిది నిమిషాల్లో ఆ పాఠం గురించి గుర్తున్నదంతా రాయమనండి. మాటలు, బొమ్మలు, సగం వాక్యాలు, ఏదైనా సరే. మొదటి రెండు నిమిషాలు పెన్నులు కొరుకుతూ కూర్చుంటారు. ఆ మౌనాన్ని చూసి జాలిపడి మనం హింట్లు ఇచ్చేస్తాం. ఇవ్వకండి. మూడో నిమిషం నుంచి ఒక్కొక్కటీ వస్తాయి. టైమయ్యాక పుస్తకం తీయించి, రాయనివన్నీ ఎర్ర పెన్నుతో చేర్చమనండి. ఏది తనకు రాదో ఆ ఎర్ర సిరాలో బిడ్డకే కనిపిస్తుంది. ఆ కాగితాలు దాచి, సరిగ్గా వారం తర్వాత అదే పాఠం మళ్లీ ఖాళీ కాగితం మీద రాయించి, రెండూ పక్కపక్కన పెట్టించండి. నీలం పెరిగి ఎరుపు తగ్గిందని చూసుకున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి మీరు. మనం ఏ మార్కులూ వేయక్కర్లేదు.

రెండోది పలక. హైస్కూలు పిల్లలకు పలకేమిటని కొందరు నవ్వుతారు, కానీ నా అనుభవంలో ఇంతకు మించిన పరికరం లేదు. ప్రశ్న అడుగుతారు, అందరూ రాస్తారు, ‘ఎత్తండి’ అనగానే 38 పలకలు ఒకేసారి లేస్తాయి. ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో రెండు సెకన్లలో మీకు తెలిసిపోతుంది. పక్కవాడిది చూసి రాసే వీలుండదు, ఎందుకంటే ఎత్తమనే దాకా పలక బోర్లించే ఉంటుంది. ఇళ్లలో తమ్ముళ్ల పలకలుంటే తెస్తారు. లేనివాళ్లు పాత క్యాలెండర్ల వెనకవైపు రాయవచ్చు. పదిహేను మందికి మించి తప్పు రాస్తే ఆ ఒక్క విషయం అక్కడే ఐదు నిమిషాలు చెప్పండి. ఇద్దరు ముగ్గురే తప్పు రాస్తే తరగతిని ఆపకండి, వాళ్ల పేర్లు గుర్తుపెట్టుకుని తర్వాత పక్కన కూర్చోబెట్టుకోండి.

గణితానికి నేను ఎక్కువ సమయం ఇచ్చేది తప్పులు పట్టే ఆటకు. ఏడాదంతా పిల్లలు చేసిన తప్పులు మీ దగ్గర బోలెడు ఉంటాయి. ఎవరి పేరూ చెప్పకుండా, కొత్త అంకెలతో బోర్డు మీద రాయండి. ఉదాహరణకు ఈ మూడూ మా పిల్లలు ఏటా చేసేవే:

(-3) + (-5) = 8
1/2 + 1/3 = 2/5
మూడు ఎక్స్ ప్లస్ రెండు అంటే ఐదు ఎక్స్.

తప్పు అని చెప్తే సరిపోదు. ఈ లెక్క చేసిన పిల్లవాడు మనసులో ఏమనుకుని ఇలా రాశాడో జంటగా ఆలోచించి చెప్పాలి. మొదటి దాంట్లో ‘మైనస్ మైనస్ ప్లస్’ అనే మాట గుణకారానికి సంబంధించింది, వాడు కూడికకు వాడాడు. రెండో దాంట్లో పైవి పైకి, కిందవి కిందకి కలిపేశాడు. అప్పుడు ఇంకో ప్రశ్న వేయండి: సగం రొట్టె తిని, పైన ఇంకో ముక్క తింటే సగం కంటే తక్కువ తిన్నట్టవుతుందా? 2/5 సగం కంటే తక్కువే కదా! లెక్క చేయకుండానే జవాబు తప్పని పట్టేయడం ఒకసారి రుచి చూశాక పిల్లలు పరీక్షలో కూడా తమ జవాబుల్ని అలా చూసుకుంటారు. నాకు ఈ ఆటంటే ప్రాణం. తప్పు చేసిన పిల్లలు తమ తప్పు బోర్డు మీద చూసి, సిగ్గుపడకుండా ‘సార్, ఇది నేనే చేశాను, ఎందుకంటే...’ అని లేచి చెప్పే రోజు వస్తుంది. ఆ రోజు వచ్చిందంటే ఆ తరగతికి భయం పోయినట్టే.

పూర్ణ సంఖ్యలు ఇంకా తేలకపోతే కాగితం పక్కన పెట్టి వరండాలోకి తీసుకెళ్లండి. సుద్దముక్కతో -10 నుంచి +10 దాకా తొక్కుడుబిళ్ల గడుల్లా గీయండి. బిడ్డ మొదటి సంఖ్య మీద నిలబడాలి. కూడిక అయితే ప్లస్ సంఖ్యల వైపు తిరగాలి, తీసివేత అయితే మైనస్ సంఖ్యల వైపు. రెండో సంఖ్య ధనాత్మకమైతే ముందుకు నడవాలి, రుణాత్మకమైతే వెనక్కి. (-3) - (-5) చేయించండి: -3 మీద నిలబడింది, మైనస్ వైపు తిరిగింది, ఐదు గడులు వెనక్కి వేసింది. ఎక్కడుంది? 2 మీద. అడుగులు వేసిన పిల్ల ఆ లెక్క మర్చిపోదు. మిగతావాళ్లు ఆమె అడుగు వేయకముందే జవాబు పలక మీద రాసి ఉండాలి. లేకపోతే మళ్లీ ఒకరు నడవడం, 37 మంది చూడటం అవుతుంది.

సైన్స్‌కి వచ్చేసరికి మన అవధానాన్ని వాడుకుంటాను. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంటుంది కదా. అవధాని పద్యం చెప్తుంటే, ఆయన్ని పరీక్షించే పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడి, ఫలానా అక్షరం వాడొద్దు అంటాడు. దాన్నే నేను ‘నిషిద్ధ పదం’గా మార్చాను. శుభలేఖలు చాలావాటికి వెనక ఖాళీగా ఉంటుంది, అట్ట గట్టిగా ఉంటుంది. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లు అయ్యాక ఊళ్లో కావలసినన్ని దొరుకుతాయి. నాలుగు ముక్కలు చేస్తే నాలుగు కార్డులు. ఒక్కో కార్డు మీద పైన ఒక పదం, కింద వాడకూడని నాలుగు మాటలు. పైన ‘కిరణజన్య సంయోగక్రియ’ అని ఉంటే కింద ఆకు, ఎండ, పత్రహరితం, ఆహారం. ఆ మాటలు వాడకుండా జంటలోని రెండోవాళ్లు కనిపెట్టేలా వివరించాలి. ఎప్పుడూ పుస్తకంలోని నిర్వచనం అప్పజెప్పే పిల్లలు ఇక్కడ ఇరుక్కుపోతారు. ఎందుకంటే ఆ నిర్వచనంలోని మాటలన్నీ నిషిద్ధాలే. సొంత మాటలు వెతుక్కోవాలి. ఒక అబ్బాయి ‘మొక్క గాలిలోంచి ఒక వాయువు, వేళ్లలోంచి నీళ్లు తీసుకుని పొయ్యి లేకుండా వండుకుంటుంది, మనకు పీల్చుకునే వాయువు వదులుతుంది’ అన్నాడు. గణితంలోనూ వాడొచ్చు. ‘చుట్టుకొలత’ కార్డుకు చుట్టూ, కొలత, భుజం, పొడవు నిషిద్ధం. ఒకమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ‘మా చేనుకి కంచె వేయాలంటే ఎంత తీగ కొనాలో అది’ అంది. ఏడాదంతా నేను చెప్పిన నిర్వచనం కంటే అది బాగుంది. ఆ తర్వాతి ఏడాది నుంచి ఆ పాఠాన్ని కంచెతోనే మొదలుపెడుతున్నాను.

కార్డులు మీరు రాయకండి. పిల్లల చేత రాయించండి. ఏ మాటలు నిషేధించాలో తేల్చుకోవాలంటే ఆ భావనకు ఏ మాటలు కీలకమో తెలియాలి కదా, అదే పెద్ద రివిజన్. ఇక అవధానం చివర ధారణ ఉంటుంది, అంటే మధ్యలో ఆపిన పద్యాలన్నీ మళ్లీ అప్పజెప్పడం. అలాగే బడి వదిలే ముందు ఐదు నిమిషాలు ‘ధారణ’ పెట్టండి. ఆ ఉదయం వచ్చిన పదాలన్నీ ఒక్కొక్కరూ పుస్తకం చూడకుండా కాగితం మీద రాయాలి. మొదట్లో ఏడెనిమిది వస్తాయి, పది రోజులకు ఇరవై దాటుతాయి.

ఆమ్లాలు, క్షారాల పాఠాన్ని మాత్రం చేతులతోనే తిరగేయించండి. ఖర్చు లేదు. ఆరు సీసా మూతల్లో నిమ్మరసం, వెనిగర్, మామూలు నీళ్లు, ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు, సున్నపు తేట పోసి, పేర్లు రాయకుండా అంకెలు మాత్రం వేయండి. ముందు పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలే ఇవ్వండి. సబ్బు నీళ్లు, సున్నపు తేట ఎర్రగా మారుస్తాయి, మిగతా నాలుగింటిలో పసుపు పసుపుగానే ఉంటుంది. అప్పుడు అడగండి: ఈ నాలుగూ ఒకటేనా? నిమ్మరసం వాసన వస్తోంది మేడమ్ అంటారు. వాసన వద్దు, రుజువు కావాలి అనండి. పసుపుతో క్షారాన్ని పట్టుకోవచ్చు గానీ, ఆమ్లానికీ తటస్థ పదార్థానికీ తేడా తెలియదని వాళ్లంతట వాళ్లే పట్టుకోవాలి. అప్పటిదాకా మందార రసం బయటికి తీయకండి. మందార పూలను వేడినీళ్లలో నానబెట్టి తీసిన రసం ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకీ, క్షారంలో ఆకుపచ్చకీ మారుతుంది. అప్పుడు ఆరు మూతలూ మూడు గుంపులుగా విడిపోతాయి. ఎవరూ రుచి చూడకుండా, సున్నపు తేట కళ్లలో పడకుండా దగ్గరుండి చూసుకోండి.

మీరు గోల గురించి రాశారు. నాలుగు స్తంభాలాట పెడితే అందరూ తెలివైన పిల్ల వెనక పరిగెత్తారని చెప్పారు. ఆట మంచిదే. స్తంభానికో ఆప్షన్ పెడితే, నాలుగు ఆప్షన్ల బిట్లకు అది సరిగ్గా సరిపోతుంది. పరిగెత్తే ముందు జవాబు చీటీ మీద రాసి పిడికిట్లో పెట్టుకోవాలని నియమం పెట్టండి. స్తంభం దగ్గరికి చేరాక చీటీ చూపించాలి. వేరే చీటీతో ఆ స్తంభం దగ్గరున్నవాళ్లను ఏమీ అనకండి, ‘నీ జవాబు వేరే ఉంది కదా, ఎందుకు మార్చుకున్నావు?’ అని మెల్లగా అడగండి. పరుగులన్నీ మొదటి పీరియడ్‌లోనే పెట్టండి, ఎండ ఎక్కాక వద్దు. తొమ్మిదిన్నర నుంచి ఖాళీ కాగితం, లెక్కలు. పదిన్నర తర్వాత కార్డులు, జంటల పని, ఎందుకంటే ఎదురుగా ఒకరు మాట్లాడుతుంటే కునుకు రాదు. మధ్యలో అందరూ నీళ్లు తాగడానికి వాటర్ బెల్ తప్పకుండా కొట్టించండి. మీ బడి పదో తరగతి పరీక్షలకు సెంటర్ అయి మధ్యాహ్నం నడపాల్సి వస్తే ఈ వరస తిరగబడుతుంది. భోజనం అయ్యీ కాగానే చదివే పని పెట్టకుండా మందార రసం లాంటి చేతిపనులు పెట్టుకోండి.

బహుమతులు పెట్టవద్దని నా సలహా. జట్లకు స్కోరు వేయడం మొదలైతే రాని పిల్లల మీద జట్టు విసుక్కుంటుంది, వాళ్లు నోరు తెరవడం మానేస్తారు. ప్రశ్నపత్రం పిల్లల చేతే తయారుచేయించడం, గోడలకు చార్టులు కట్టడం కూడా చాలామంది చెప్తారు. మొదటిది ఒకసారి చేయించి, అందులోంచి ఐదు ప్రశ్నలు మీ స్లిప్ టెస్ట్‌లో పెట్టండి, ఉత్సాహపడతారు. చార్టులకు మాత్రం రంగులద్దడంలోనే సగం పూట పోతుంది, పరీక్షల ముందు నేను ఆ జోలికి పోను.

పాఠాల వరస గురించి ఒక మాట. ఒక పాఠం పూర్తిగా ముగించి ఇంకోదానికి వెళ్లకండి. పద్దెనిమిది రోజుల్లో ప్రతి పాఠం కనీసం మూడుసార్లు తగలాలి, మధ్యలో ఎడం ఉండాలి. దీనికి మూడు ఖాళీ సుద్దముక్కల పెట్టెలు చాలు. పిల్లల చేత కార్డుకు ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు రాయించండి. ఆ ప్రశ్న కార్డులన్నీ ముందు మొదటి పెట్టెలో ఉంటాయి, వాటిని రోజూ అడుగుతారు. తరగతిలో ఎక్కువమందికి వచ్చిన కార్డు రెండో పెట్టెలోకి పోతుంది, అది మూడు రోజులకోసారి. అక్కడా వస్తే మూడో పెట్టె, వారానికోసారి. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి పెట్టెకే. ఏ కార్డు ఏ పెట్టెలో ఉందో పిల్లలే చూసుకుంటారు. ఆ బాధ్యత అల్లరి పిల్లలకు ఇవ్వండి, బాగా చేస్తారు.

మీ ప్రశ్న చివర్లో ఆరుగురు పిల్లలకు చదవడమే సరిగా రాదని ఒక్క లైన్ రాశారు. నన్నడిగితే మీ ప్రశ్నలో అసలైన లైన్ అదే. వాళ్లకు సిలబస్ రివిజన్ అనే మాటకు అర్థం లేదు. పద్దెనిమిది రోజుల్లో అన్నీ రావు. ఒక్కొక్కరికీ నాలుగే విషయాలు ఎంచుకోండి: తీసివేతలో అప్పు తెచ్చుకోవడం, ఎక్కాలు, సగం–పావు–ముప్పావు, పాఠాల పేర్లు తడబడకుండా చదవడం లాంటివి. ఈ ప్రశ్న కార్డులు అడిగేటప్పుడు వాళ్లను ‘అడిగేవాళ్లు’గా కూర్చోబెట్టండి. ప్రశ్నకు వెనక జవాబు రాసి ఉంటుంది కాబట్టి, రాకపోయినా అడగవచ్చు, సరిచూడవచ్చు. ఒక ఉదయంలో ఇరవై ప్రశ్నలు పైకి చదువుతారు, ఇరవై జవాబులు వింటారు, పైగా ఎదుటివాడి తప్పు పట్టే అధికారం వాళ్ల చేతిలో ఉంటుంది. ఏడాదంతా వెనక బెంచీలో తల దించుకున్న ఒక అబ్బాయి, తరగతిలో మొదట వచ్చే అమ్మాయితో ‘తప్పు, మళ్లీ చెప్పు’ అన్నాడు మా బడిలో. ఆ గొంతు అప్పటిదాకా నేను సరిగా వినలేదు. మరుసటి రోజు నుంచి అతను బడి మానలేదు.

పరీక్షలయ్యాక సెలవులకు ముందు మిగిలే నాలుగైదు రోజులు చాలా బడుల్లో ఊరికే పోతాయి. ఆ రోజుల్లో మీ ఏడో తరగతి పిల్లల చేత ఆరో తరగతి వాళ్లకు ఉత్తరాలు రాయించండి. ‘వచ్చే ఏడాది మీకు ఈ పాఠం వస్తుంది, నాకు ఇక్కడ కష్టమైంది, ఇలా చేస్తే వచ్చింది’ అని ఒక్కొక్కరూ ఒక్కో పాఠం గురించి రాయాలి, కింద సంతకం పెట్టాలి. మార్కులు లేవు కాబట్టి నిజం రాస్తారు. నేను నా పాఠాల్లో మార్చుకున్నవాటిలో చాలా భాగం ఆ ఉత్తరాలు చదివే మార్చుకున్నాను.

ఆ ఉత్తరాలు, శుభలేఖ కార్డులు, మూడు పెట్టెలు అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి బీరువా పై అరలో దాచండి, కింద పెడితే ఎలుకలు కొరికేస్తాయి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఒక్కోసారి కొత్త పుస్తకాలు ఇంకా అందరికీ అందవు. అప్పుడు ఆ పెట్టె దించి, ఎనిమిదికి వెళ్లిన పిల్లలకు కార్డులూ, ఏడుకు వచ్చిన పిల్లలకు వాళ్ల పేరున వచ్చిన ఉత్తరాలూ పంచండి. మొదటి రోజు ఏం జరిగిందో వీలైతే ఇక్కడ రాయండి మేడమ్, ఎదురుచూస్తుంటాను.